సంఘపు లెక్కలను సభ్యులే చదువవలెను

ఏటేట మహాజనసభ జరుగును. కార్యదర్శి లేచి ఆస్తి అప్పుల పట్టీని గడగడ చదువును. రెండు ప్రక్కల మొత్తములు సరిపోయినవని చెప్పును. సభ్యులు చేతులెత్తుదురు, లెక్కలు ఆమోదింపబడినవని తీర్మానముల పుస్తకమున వ్రాయబడును, పిమ్మట ఫలహారములు. ఇంతయు జరిగినను, సంఘమునకు యజమానులైన రైతులకు తమ సొమ్మేమైనదో తెలియుట మాత్రము జరుగదు.

మొత్తములు సరిపోవుట యొక విశేషము కాదు. దివాలా తీసిన సంఘపు పట్టీలోను అవి సరిపోయియే యుండును; జంటపద్దు విధానమే అట్టిది. చూడవలసినది మొత్తము కాదు, దానిలోపలి పద్దులు. పెద్ద కంపెనీలవారు ధనము వెచ్చించి నేర్చుకొను ఆర్థిక విశ్లేషణ యనునది మూలమున నింతియే. కూడిక, తీసివేత వచ్చిన రైతుకు అది అందని విద్య యని మేము తలపము.

ఉదాహరణమునకు ఒక సంఘమును ఊహింతము. దాని వాటా ధనము, నిధులు, ఈ యేటి లాభము కలిసి 10 లక్షల రూపాయలు. సభ్యుల డిపాజిట్లు 40 లక్షలు. కేంద్ర బ్యాంకునకు బాకీ 50 లక్షలు. ఆస్తుల ప్రక్క సభ్యులకిచ్చిన ఋణములు 85 లక్షలు. నగదు 5 లక్షలు. గిడ్డంగి, ఎరువుల నిల్వ 7 లక్షలు. రావలసిన వడ్డీ 3 లక్షలు. రెండు ప్రక్కల నూరేసి లక్షలు. లాభము 2 లక్షలని చూపిరి. సభ్యులు సంతోషింతురు, డివిడెండు అడుగుదురు.

ఇపుడు రెండు ప్రశ్నలు వేయుదము. రావలసిన వడ్డీ ఎవరినుండి రావలెను? గడువు మీరిన బాకీదారులనుండి యని, అదంతయు ఈ యేడే లాభములో కలిపితిమని జవాబు వచ్చిన, ఆ 3 లక్షలు తీసివేయుడు. లాభము పోయి లక్ష రూపాయల నష్టము తేలును. సొంత ధనము 7 లక్షలకు దిగును. గడువు మీరిన బాకీలెన్ని? 30 లక్షలనిరనుకొందము. అందులో నాలుగవ వంతు, అనగా ఏడున్నర లక్షలు, వసూలు కాకున్న సొంత ధనమంతయు తుడిచిపెట్టుకొని పోయి, నష్టము డిపాజిటుదారుల సొమ్మును తాకును. చేలో నిలిచిన పైరును ఏ రైతును గాదెలోని గింజలుగా లెక్కింపడు. కళ్ళము దాటి యింటికి వచ్చినదే లెక్క. సంఘమున మాత్రము రాని వడ్డీని వచ్చినట్లు ఏల చూతుము?

ఇందుకే రిజర్వు బ్యాంకు బ్యాంకులకొక నియమము పెట్టినది. స్వల్పకాలిక పైరులకిచ్చిన అప్పు, గడువు తరువాత రెండు పంటకాలములు దాటినను చెల్లకున్న, దానిని నిరర్థక ఆస్తిగా చూపవలెను. దానిపై వడ్డీ చేతికి వచ్చిననే గాని ఆదాయముగా వ్రాయరాదు. ఈ కొలతను మన సంఘపు పట్టీకిని పెట్టి చూచుకొనుటకు అడ్డేమున్నది?

ఇంకొక మాయ కలదు. మార్చి నెలాఖరున పాత అప్పు తీరినట్లును, ఆ దినముననో మరునాడో క్రొత్త అప్పు ఇచ్చినట్లును వ్రాయుట. పైకము చేతులు మారదు, కాగితము మారును. వసూలు శాతము మాత్రము వెలుగుచుండును. మార్చి వసూళ్ళలో నగదెంత, సర్దుబాటు ఎంత యని అడిగినచో ఈ వెలుగు తగ్గును. 2022లో కేంద్ర మంత్రివర్గము సుమారు 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటర్లకెక్కించు పథకమును ఆమోదించినది. మంచిదే. కాని యంత్రము కూడికలో తప్పదు గాని, పెట్టిన పద్దు నిజమా యని అడుగదు.

ఇట్టి ప్రశ్నలవలన అనుమానము ప్రబలి డిపాజిట్లు తరలిపోవునని కొందరు పాలకవర్గమువారు భయపడుదురు. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. ఒకనాటి పుకారు మంచి సంఘమునైనను కుదిపివేయగలదు. కాని 2020 నుండి 5 లక్షల వరకు ఉన్న డిపాజిట్ల భీమా బ్యాంకులకే గాని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు వర్తింపదు. కూతురి పెండ్లికని దాచిన సొమ్మునకు ఇచ్చట సంఘపు వసూళ్ళే రక్ష. ఆ సంగతి దాచి డిపాజిట్లు నిలుపుకొనుట ధర్మమని మేమొప్పము.

పట్టీని సభకు పదునైదు దినములు ముందుగా సంఘపు గోడపై అంటింపవలెను. గడువు మీరిన బాకీలు ఒక యేటివి, రెండేండ్లవి, మూడేండ్లు దాటినవి యని విడివిడిగా వ్రాయవలెను; మూడేండ్ల పట్టీలు ప్రక్కప్రక్కన చూపవలెను. బాకీలలో పాలకవర్గమువారివి, వారి బంధువులవి ఎంతయో కూడ నందుండవలెను. ఇది అడుగుట కొంత యిబ్బందియే, అయినను అడుగవలసినదే. లెక్కలు చదివిన పిల్లలు ఇపుడు ప్రతి గ్రామమున నున్నారు. వారిలో నొకరిని సభకు ముందు రెండు సాయంకాలములు రచ్చబండ యొద్ద కూర్చుండబెట్టి, ఆ పట్టీని పద్దు పద్దుగా చదివించుకొనుడు.