చక్రం మూలిగితే ఆలస్యం వద్దు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 16వ, 65వ నంబరు జాతీయ రహదారులు కలుస్తాయి. ఆ హారన్ల హోరులో ముందుచక్రం బేరింగు మూలుగు ఎవరి చెవిన పడుతుంది? ఊరు దాటి వేగం అందుకున్నాకే బయటపడుతుంది. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రంపై పడుతుంది. అరిగింది అదే అయితే మోత హెచ్చుతుంది.

బైకు బేరింగు ఇంట్లో మార్చుకోవచ్చు, నేర్చుకుని తీరాలి కూడా. మధ్యలోని స్పేసరు మరవకూడదు. కొత్తది దించేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద పడితే గోళీలు నొక్కుకుని గాడి దెబ్బతింటుంది.

కారు సంగతి వేరు.

చాలా కార్లలో ముందు బేరింగు ప్రెస్సుతోనే దిగాలి. సుత్తితో బాది, యాక్సిల్ నట్టును అందాజాగా బిగించడం ప్రాణాలతో చెలగాటం. చక్రం ఇంట్లోనే విప్పినా, ఆ ఒక్క పనికి జవహర్ ఆటోనగర్‌లో ప్రెస్సు ఉన్న షెడ్డుకు వెళ్లాల్సిందే.