మాస్కుతో పరుగా... కాస్త ఆగండి!

తెల్లవారుజామున అయిదింటికి నాయుడుపేటలో రోడ్డెక్కితే ఎవరు కనిపిస్తారు? పాలక్యాన్లవాళ్లూ, చెన్నై బస్సు కోసం చూసేవాళ్లూ... వాళ్లను దాటుకుంటూ రొప్పుతూ పరుగెత్తే కుర్రాళ్లు. కానిస్టేబుల్‌ కొలువు, కాదంటే సైన్యం... ఏదో ఒకటి కొట్టాలని వాళ్ల పట్టుదల. రాష్ట్ర పోలీసు పరీక్షలో మగవాళ్లు 1600 మీటర్లను 8 నిమిషాల్లో ముగించాలి. ప్రిలిమ్స్‌ గట్టెక్కినా ఇక్కడ తడబడితే అంతే సంగతులు!

వాళ్లలో ఒకరిద్దరి ముఖానికి మాస్కు ఉంటుంది. కొవిడ్‌ రోజులు పోయాయి కదా, ఇంకా ఎందుకూ అంటే రెండు జవాబులొస్తాయి. ఒకటి హైవే మీది లారీల దుమ్ము. ఇది న్యాయమే. రెండోదే అసలు తంటా... ‘మాస్కుతో ప్రాక్టీసు చేస్తే స్టామినా పెరుగుతుంది, అసలు రోజున తీసేసి గుర్రంలా ఉరకొచ్చు’ అని!

మాస్కు పెట్టుకుంటే ఆక్సిజన్‌ అందదన్న భయం ముందు వదిలేయాలి. మాస్కు ఆపేది దుమ్మునీ తుంపర్లనీ. ఆక్సిజన్‌ అణువు వాటికన్నా ఎన్నో వేల రెట్లు చిన్నది. గుడ్డ సందుల్లోంచి సునాయాసంగా దూరిపోతుంది. మరి ఊపిరాడనట్టు ఎందుకుంటుంది? కూర్చున్నప్పుడు మనం నిమిషానికి పీల్చేది ఆరేడు లీటర్ల గాలి. శాయశక్తులా పరుగెత్తితే అది వంద లీటర్లు దాటొచ్చు. అంత గాలిని గుడ్డలోంచి లాగాలంటే ఛాతీ కండరాలు అదనంగా శ్రమపడాలి. పైగా వదిలిన గాలిలో కొంత మాస్కు లోపలే ఉండిపోయి మళ్లీ లోనికే వెళ్తుంది. దాంతోపాటే కార్బన్‌ డయాక్సైడూ. ఆయాసానికి మూలం ఇదీ.

2020లో కెనడాలోని సస్కాచెవాన్‌ విశ్వవిద్యాలయంవాళ్లు 14 మందితో అలసిపోయేదాకా సైకిలు తొక్కించారు. గుడ్డ మాస్కుతో, సర్జికల్‌ మాస్కుతో, ఏదీ లేకుండా... మూడుసార్లూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రక్తంలో ఆక్సిజనూ తగ్గలేదు. అదే ఏడాది జర్మనీలోని లైప్‌జిగ్‌లో 12 మంది ఆరోగ్యవంతులను పరీక్షిస్తే వేరే మాట తేలింది. మన ఎన్‌-95 లాంటి మందపాటి మాస్కుతో శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్‌ 13 శాతం దాకా పడిపోయింది. ఆ తర్వాత అమెరికాలోని డాలస్‌లో 31 మందిని ట్రెడ్‌మిల్‌ మీద పరుగెత్తించారు. గుడ్డ మాస్కుతో వాళ్లు 14 శాతం ముందే చేతులెత్తేశారు. వేగం పెరిగేకొద్దీ గదిలో బంధించినట్టుందని చెప్పారు కూడా. 14 శాతం అంటే పరుగు అంత నెమ్మదిస్తుందని కాదు, ‘ఇక నావల్ల కాదు’ అనే ఘడియ అంత ముందుగా వస్తుందని. నడకకూ, చిన్నపాటి జాగింగుకూ ఇదేం లెక్కలోది కాదు. 1600 మీటర్ల చివరి రౌండులో మాత్రం లెక్కే!

2017 డిసెంబరులో ఢిల్లీ టెస్టు గుర్తుందా? పొగకు తట్టుకోలేక శ్రీలంక ఆటగాళ్లు మాస్కులతో ఫీల్డింగుకు దిగారు. ఆట ఆగింది, లక్మల్‌కు వాంతులయ్యాయి. క్రికెట్లో నిలబడేదే ఎక్కువ కాబట్టి మాస్కుతో నెట్టుకురావచ్చు. ఎనిమిది నిమిషాలు ఆగకుండా పరుగెత్తేవాడికి ఆ వెసులుబాటు లేదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. నాయుడుపేటకు పులికాట్‌ దగ్గర. గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుందేగానీ ఆరదు. పది నిమిషాల్లో మాస్కు తడిసి ముక్కుకూ నోటికీ అతుక్కుపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వ్యాయామం చేసేటప్పుడు మాస్కు వద్దన్నది ఇందుకే. తడిస్తే ఊపిరి కష్టం, క్రిములకూ అది అనువైన చోటు. ఆ ఏడాది ఆగస్టులో మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా జిమ్ములకు ఇచ్చిన సూచనల్లో, ఎన్‌-95తో కసరత్తు చేస్తే ఊపిరి ఇబ్బంది కావచ్చని హెచ్చరించింది. అప్పట్లో చైనాలో మాస్కుతో పరుగెత్తుతూ విద్యార్థులు చనిపోయారన్న వార్తలొచ్చాయి. మాస్కే కారణమని మాత్రం రుజువు కాలేదు.

ఇక స్టామినా సంగతి. ‘ట్రైనింగ్‌ మాస్కు’ల పేరుతో ఆన్‌లైన్లో అమ్మేవి కొండల మీది గాలిని తెచ్చిపెడతాయట! కొండమీద గాలి పీడనం తగ్గి ఆక్సిజన్‌ పలచబడుతుంది. మాస్కు లోపల పీడనం మారదు, గాలి లాగడమే కష్టమవుతుంది. 2016లో అమెరికాలో 24 మందికి ఆరు వారాలు శిక్షణ ఇచ్చి చూశారు. మాస్కు పెట్టుకున్నవాళ్లూ, పెట్టుకోనివాళ్లూ ఇద్దరూ మెరుగుపడ్డారు. గరిష్ఠ ఆక్సిజన్‌లో వాళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. హిమోగ్లోబిన్‌ కూడా పెరగలేదు. వేలకు వేలు తగలేసే బదులు ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. పైగా మాస్కుతో అసలు వేగం అందుకోలేరు. రోజూ నెమ్మదిగా పరుగెత్తి, పరీక్షనాడు ఒక్కసారిగా వేగం కావాలంటే కాళ్లు వింటాయా?

మరి దుమ్ము మాటేమిటి? మామూలు గుడ్డ మాస్కు సన్నటి పొగరేణువులను పెద్దగా ఆపలేదు. ఎన్‌-95 ఆపుతుంది, కానీ దానితో పరుగు కష్టం. అందుకని మాస్కును కాదు, దారిని మార్చుకోండి. హైవే వదిలి గ్రౌండుకో, లారీలు తిరగని పల్లెదారికో మళ్లండి. రోడ్డు పక్కన వెళ్లక తప్పదనుకుంటే గ్రౌండు దాకా మాస్కుతో నడిచి, పరుగుకు ముందు తీసి జేబులో పెట్టుకోండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం మాస్కు ఉన్నా లేకున్నా డాక్టరును అడిగాకే పరుగు మొదలెట్టాలి. పరుగులో కళ్లు తిరిగినా, ఛాతీ పట్టేసినా వెంటనే ఆగి, మాస్కుంటే తీసేసి, నీడన కూర్చోవాలి. రెండు నిమిషాల్లో తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాలి.