పోస్టు అమ్మేవాడి లెక్క ఇదీ!

డీఎస్సీ అనగానే గోదావరి జిల్లాల్లో ఓ మాట చెవిన పడుతుంది: ‘పైన మనవాళ్లున్నారు. కొంత కడితే పోస్టు ఖాయం.’

ముందు అసలు లెక్క చూద్దాం. 2025 ఏప్రిల్ 20న వచ్చిన మెగా డీఎస్సీలో పోస్టులు 16,347. ఉమ్మడి తూర్పుగోదావరికి 1,241, పశ్చిమగోదావరికి 1,035. ఎస్జీటీ, స్కూల్ అసిస్టెంట్లకు కంప్యూటర్ పరీక్ష 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. ఇంటర్వ్యూ లేదు. మరి దళారీ చేతిలో ఏముంది?

ఏమీ లేదు. పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటాడు. వాళ్లలో ఇద్దరికి సొంత మార్కులతోనే ఉద్యోగం వస్తుంది. ‘నేనే ఇప్పించా’ అని ఆ డబ్బు ఉంచేసుకుంటాడు. మిగతావాళ్లకు తిరిగిస్తే పెద్దమనిషి. ఇవ్వకపోతే గట్టిగా అడగలేరు. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే కదా!

సరే, నిజంగానే పోస్టు కొన్నారనుకోండి. పశ్చిమ బెంగాల్‌లో 2016 నియామకాల్లో ఓఎంఆర్ షీట్ల గోల్‌మాల్ బయటపడింది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పాతిక వేలకు పైగా టీచర్లు, సిబ్బంది నియామకాలను రద్దు చేసింది. కొన్నవాళ్లతో పాటు కష్టపడి చదివినవాళ్లూ రోడ్డున పడ్డారు.

అందుకే రెస్పాన్స్ షీటు, కీ, స్కోరు కార్డు భద్రంగా దాచుకోండి. తప్పు కనిపిస్తే గడువులోగా అభ్యంతరం పెట్టండి. డబ్బడిగింది అధికారైతే ఏసీబీ 1064కి, దళారీ అయితే పోలీసులకు చెప్పండి. ఇంట్లోవాళ్లు అప్పు చేసి తెచ్చే లక్షలకన్నా, టెట్ మళ్లీ రాసి పెంచుకునే నాలుగు మార్కులే నమ్మకమైనవి.