ఎంఈఎం చేసేద్దామా?

పలాస నుంచి ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. రాజాంలో మెకానికల్ బీటెక్ చేశాడు. రెండేళ్లుగా పైడిభీమవరంలో ఫ్యాక్టరీ మెయింటెనెన్స్. "అన్నా, ఎంఈఎం అంటే ఎంబీయే లాంటిదేనంట కదా, సేసీమంటావేటి?"

లాంటిదే, కానీ అది కాదు. మాస్టర్ ఆఫ్ ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్‌లో ఫైనాన్స్, ఆపరేషన్స్‌తో పాటు టెక్నికల్ సబ్జెక్టులూ ఉంటాయి. డ్యూక్, డార్ట్‌మౌత్, కార్నెల్ లాంటి చోట్ల ఉంది. చాలాచోట్ల ఏడాది, ఏడాదిన్నరలో అయిపోతుంది. ఫ్రెషర్లనీ తీసుకుంటారు. కన్సల్టెన్సీల వాళ్లు ఊదరగొట్టేది ఇదే.

వాళ్లు చెప్పనిది వినండి. అనుభవం లేకుండా వెళ్తే డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన మేనేజర్ కుర్చీ రాదు. కోర్సు స్టెమ్ లిస్టులో ఉంటే ఓపీటీ 12 నెలలకి మరో 24 కలుస్తాయి. ఆ తర్వాత హెచ్-1బీ లాటరీయే. ఎడ్యుకేషన్ లోన్ 7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. వీడి విషయంలో అది నాన్న కట్టిన ఇల్లు.

ఒక్కటే అడిగాను. "షట్‌డౌన్ రోజు నీకు ఏది ఇష్టం? పంపు విప్పడమా, ఎవరు ఎప్పుడు ఎక్కడుండాలో బోర్డు మీద రాయడమా?"

"బోర్డే అన్నా."

అయితే పనికొస్తుంది. పంపు అన్నవాళ్లు ఎంటెక్ చూసుకోండి. కోడింగ్ విసుగొచ్చి పారిపోయేవాళ్లు (మా టీమ్‌లో సగం మంది ఆ బాపతే) అసలు వద్దు.

ముందు ప్లానింగ్ సెక్షన్‌కి మార్చమని అడుగు, ఆర్నెల్లు చెయ్యి, ఈలోపు క్యాట్ కూడా రాసి చూడు, విశాఖలో 2015 నుంచి ఐఐఎం ఉంది కదా అన్నాను. ఫోన్ వాళ్ల నాన్నకిచ్చాడు. వడ్డీ ఎప్పట్నుంచి పడుతుందని అడిగారాయన.

డబ్బు తీసుకున్న రోజు నుంచే, బాబాయ్.