పసిబిడ్డ మూత్రపిండాలు చెప్పే మాట

"ఎండలు ముదిరాయి, బిడ్డకు దాహం వేయదా డాక్టరు గారూ? రెండు చెంచాల నీళ్లు పడితే తప్పా?" బాలింతకు తోడుగా వచ్చిన అమ్మమ్మలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. "వద్దమ్మా" అనడం తేలికే. కానీ కారణం చెప్పని మాట ఇల్లు చేరేసరికి నిలవదు. ఆ కారణాన్ని వెతకడంలో ఎన్నో ఏళ్లు గడిపిన ఒక వైద్యుని గురించి తెలుసుకోవడం మనకు మేలు.

ఆయన పేరు రాబర్ట్ మెకాన్స్. 1898లో ఐర్లండులో పుట్టారు. 1930లలో లండన్‌లో షుగరు రోగులను చూస్తూ, ఒంట్లో ఉప్పు తగ్గితే ఏమవుతుందని ఆలోచించారు. ఆ పరీక్షను ముందుగా తన మీదా, ముందుకు వచ్చిన మరికొందరి మీదా చేసుకున్నారు. ఉప్పు లేని భోజనం తిని, కావాలని చెమట పట్టించుకుని నీరసించారు. 1938లో కేంబ్రిడ్జికి వెళ్లాక నవజాత శిశువుల మూత్రపిండాల మీద దృష్టి పెట్టారు. ఆయనతో దశాబ్దాల పాటు కలిసి పనిచేసిన శాస్త్రవేత్త ఎల్సీ విడోసన్.

వారి పరిశోధన తేల్చిన ముఖ్య విషయం ఒకటే: పసిబిడ్డ అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ మూత్రపిండాల్లో వడపోత గొట్టాలన్నీ ఏర్పడే ఉంటాయి, కానీ వాటికి ఇంకా పూర్తి శక్తి రాదు. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే పెద్దవారి మూత్రపిండాలు కొద్ది నీటితోనే దాన్ని బయటకు పంపేస్తాయి. పసిబిడ్డ మూత్రం అందులో సగం వరకే చిక్కబడగలదు. నీళ్లు ఎక్కువైనా త్వరగా వదిలించుకోలేదు. తల్లిపాలు ఈ బలహీనతకు సరిగ్గా సరిపోతాయి. వాటిలో నూటికి 87 పాళ్లు నీరే. ఆవుపాలలో ఉప్పూ మాంసకృత్తులూ తల్లిపాలకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ. మెకాన్స్ మరో సంగతి కూడా గుర్తించారు. బిడ్డ ఎదుగుతున్నంతకాలం పాలలోని మాంసకృత్తులు కండగా మారతాయి, మూత్రపిండాల మీద ఆ మేరకు భారం తగ్గుతుంది.

ఈ సంగతులు 1940ల నుంచే వైద్య పత్రికల్లో ఉన్నాయి. అయినా 1960లలో, 70ల మొదట్లో బ్రిటన్‌లో ఉప్పు ఎక్కువున్న పాలపొడినే అమ్మారు. బిడ్డ బలంగా ఉండాలని తల్లులు చెంచా గోపురంగా నింపి కలిపేవారు. కొందరు బిడ్డలకు రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ వచ్చాయి. 1974లో నిపుణుల సంఘం హెచ్చరించాక గానీ ఆ పాలపొడులు మారలేదు. ప్రయోగశాల నుంచి ఉయ్యాల వరకు ఆ మాట రావడానికి 30 ఏళ్లు పట్టింది!

మన ఇళ్లలో ఆ ఆలస్యం ఇంకా ఉందని నా అభిప్రాయం. తప్పు అమ్మమ్మలది కాదు. వారిది ప్రేమే. కారణం వివరించి చెప్పని మాలాంటి వారిదే ఎక్కువ తప్పు.

కాబట్టి తల్లిదండ్రులారా, వీటిని గుర్తుంచుకోండి. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు చాలు, మండు వేసవిలోనైనా మంచినీళ్లు, పంచదార నీళ్లు అక్కరలేదు. డాక్టరు పాలపొడి రాస్తే డబ్బా మీది కొలత ప్రకారమే కలపండి. బలం కోసం చిక్కగానూ వద్దు, పొదుపు కోసం పలచగానూ వద్దు. విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్టును దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. అయిదో రోజు దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయాలి. అంతకు తగ్గినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా తెల్లవారే వరకు ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మేము ఏదైనా "వద్దు" అంటే "ఎందుకు?" అని తప్పక అడగండి. జవాబు చెప్పడం మా బాధ్యత.