కొనేటప్పుడే అడగాలి

2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమెరికాకు చెందిన ఎడెక్స్ సంస్థతో చేతులు కలిపి, పేరున్న విదేశీ విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ కోర్సులను మన కాలేజీ విద్యార్థులకు ఉచితంగా అందించే ఏర్పాటు చేసింది. రెండు వేలకు పైగా కోర్సులు, హార్వర్డ్, ఎంఐటీ అన్న పేర్లు వార్తల్లో మార్మోగాయి. అంతకు దాదాపు తొమ్మిదేళ్ల ముందు, 2015 ఏప్రిల్‌లో, ఇదే ఎడెక్స్ అమెరికా న్యాయశాఖతో రాజీకి రావాల్సి వచ్చిన సంగతి మాత్రం ఇక్కడ ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఆ సంస్థ వెబ్‌సైటు, యాప్‌లు చూపు లేనివారికీ, వినపడనివారికీ, చేతులు సరిగా ఆడనివారికీ అక్కరకు రావడం లేదన్నది అప్పటి అభియోగం. వాటిని సరిచేస్తామని సంస్థ రాసిచ్చింది. కాబట్టి ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనో, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడలోనో చదివే చూపులేని విద్యార్థి ఆ కోర్సును తనంతట తాను తెరిచి వినగలిగితే, ఆ ఘనత ముందుగా వాషింగ్టన్‌కే దక్కాలి.

ఆన్‌లైన్ పాఠాలు దివ్యాంగులకు అందడం లేదన్న మాట వచ్చినప్పుడల్లా మన చూపు ముందు టీచర్ల మీదికి, ఆ తరవాత దాతల మీదికి పోతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలానికో భవిత కేంద్రం ఉంది, అందులో వాళ్లకు చదువు చెప్పే ఐఈఆర్‌టీలు ఉన్నారు, వాళ్లే చూసుకుంటారులే అనుకుంటాం. వాళ్లు చేసేది తక్కువేమీ కాదు. కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లి మరీ చదువు చెబుతారు. కానీ యాప్‌లో ఉన్న లోపాన్ని ఏ టీచరూ దిద్దలేరు. దిద్దగలిగేది దాన్ని తయారుచేసిన కంపెనీ. దిద్దించగలిగేది, డబ్బునో లక్షలాది విద్యార్థులనో ఆ కంపెనీ చేతిలో పెడుతున్న ప్రభుత్వం. ఆ పట్టు సంతకం పడేదాకానే ఉంటుంది, పడ్డాక ఉత్తరాలు రాసుకోవడమే మిగులుతుంది. అందుబాటు అనేదాన్ని సంక్షేమ పథకాల జాబితాలోంచి తీసి కొనుగోలు షరతుల్లో చేర్చాలనడం ఇందుకే.

ఉత్తరాంధ్రకు ఇది మరీ అవసరం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67.02 శాతం కాగా, శ్రీకాకుళం 61.74 దగ్గర, విజయనగరం 58.89 దగ్గర ఆగిపోయాయి. పెద్దలు పనులకోసం చెన్నై, హైదరాబాద్ వలసపోతే పిల్లలు తాతల దగ్గర ఉండిపోయే ఊళ్లివి. సీతంపేట, కురుపాం కొండల్లోంచి విశాఖ హాస్టల్‌కు ఏ లోపమూ లేని పిల్లను పంపడమే కష్టం, ఇక నడవలేని పిల్ల సంగతి చెప్పాలా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో, గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వ్యాధి కూడా ఉందని చాలామందికి తెలియదు. ఆ వ్యాధితో, నొప్పులతో మంచాన పడే పిల్లకు తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అక్కర్లేదు. ఆపి మళ్లీ చూసుకోగల పాఠం, గడువు సడలించే క్విజ్ కావాలి. వైకల్యం అనగానే నల్లకళ్లద్దాలు, తెల్లకర్ర మాత్రమే గుర్తొస్తే ఇలాంటి అవసరాలు లెక్కలోకే రావు.

పాఠం ఎక్కడ జారిపోతుందో కాస్త దగ్గరగా చూద్దాం. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైనప్పుడు చర్చంతా వాటి ధర చుట్టూ, పిల్లలు వాటిలో నిజంగా పాఠాలే చూస్తారా అన్నదాని చుట్టూ తిరిగింది. అదే ట్యాబ్ చూపులేని పిల్ల చేతిలో పెట్టి చూడండి. వేలు పెట్టినచోట ఏముందో పైకి చదివి చెప్పే టాక్‌బ్యాక్ ఆండ్రాయిడ్ పరికరాల్లో ముందే ఉంటుంది. అయితే యాప్ రాసినవారు బటన్లకు పేర్లు పెట్టకపోతే అది ‘బటన్, బటన్, బటన్’ అని మాత్రమే అంటుంది. ఏది నొక్కితే పాఠం మొదలవుతుందో తెలియదు. ఎలాగో మొదలైందనుకుందాం. వీడియోలో మాస్టారు ‘ఇదిగో, దీన్ని ఇటు తెస్తే ఇలా మారుతుంది’ అంటూ లెక్క చేస్తుంటారు. ‘ప్లస్ ఐదును కుడివైపుకి తెస్తే మైనస్ ఐదు’ అని నోటితో అంటే సరిపోయేది, దానికి పైసా ఖర్చు లేదు. చివర్లో క్విజ్, బొమ్మను వేలితో లాగి సరైన గడిలో పెట్టమంటుంది. చూపున్నా చేయి వణికే పిల్లవాడు కూడా అక్కడే ఆగిపోతాడు.

ఇంకో చిక్కు అచ్చంగా మన భాషది. యూనికోడ్ తొలి కూర్పు 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకు చోటుంది. అయినా డీటీపీ రంగం ఏళ్ల తరబడి అను వంటి పాత ఫాంట్లలోనే పేజీలు కట్టింది. అలా తయారైన పీడీఎఫ్ కంటికి ముత్యాల్లాంటి తెలుగు. లోపల దాగి ఉన్నది ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగునీ చదువుతుంది. కానీ ఈ ఫైలు ఇస్తే అర్థంలేని చప్పుళ్లే వినిపిస్తుంది. దీన్ని పరీక్షించడానికి నిపుణులు అక్కర్లేదు. పాఠంలోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూస్తే చాలు, తెలుగు తెలుగుగా వస్తుందో లేదో తేలిపోతుంది.

చట్టం లేక కాదు ఇదంతా. సేవలందించేవారు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, అందుబాటు నిబంధనలు వెలువడిన రెండేళ్లలోగా వాటిని పాటించాలని 2016 చట్టమే చెప్పింది. ఆ నిబంధనలు సలహాల్లా ఉన్నాయి తప్ప తప్పనిసరి ప్రమాణాల్లా లేవని 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది. అటు యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం దాకా క్రెడిట్లను కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ కోర్సుల ద్వారా తెచ్చుకోవచ్చు. క్రెడిట్లే అక్కడ ఉన్నప్పుడు ఆన్‌లైన్ పాఠాన్ని అదనపు సౌకర్యమని సరిపెట్టుకోలేం.

అందుబాటును కొనుగోలు షరతు చేయాలనగానే వచ్చే మొదటి అభ్యంతరం, కొద్దిమంది కోసం అంత ఖర్చా అన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటికే 22 లక్షలకు పైగా దివ్యాంగులు నమోదయ్యారు, వారిని కొద్దిమంది అనలేం. పైగా సబ్‌టైటిళ్లు వినపడనివారికే పరిమితం కావు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిషు ఉపన్యాసాన్ని పట్టుకోలేని డిగ్రీ విద్యార్థికీ అవే ఆసరా. సిగ్నల్ సరిగా అందని ఏజెన్సీలో వీడియో తిరుగుతూ ఉండిపోతే, పాఠం రాతరూపంలో ఉన్న చిన్న ఫైలు క్షణంలో దిగుతుంది. మంచి మనసున్న టీచర్లు చాలరా అనేవారికి జవాబు మచిలీపట్నం ప్రాంతం నుంచి ఎంఐటీ దాకా వెళ్లిన, చూపులేని బొల్లా శ్రీకాంత్ కథలోనే ఉంది. ఇంటర్‌లో సైన్సు చదవడానికి ఆయన కోర్టుకెక్కాల్సి వచ్చింది. పుస్తకాలన్నీ ఒక టీచరు ఆడియోగా చదివి పెడితే 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. అలాంటి టీచరు దొరకని పిల్లవాడి సంగతేమిటి?

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఇదే విషయంలో అమెరికా న్యాయశాఖ తప్పుపట్టాక బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2017లో ఇరవై వేలకు పైగా ఉచిత వీడియో, ఆడియో పాఠాలను జనానికి అందకుండా తీసేసింది. నిబంధన బిగిస్తే అందరికీ దొరికేది కూడా పోతుందన్న భయం ఉత్తిదేం కాదు. కానీ అవి ఏళ్ల కిందట, అందుబాటును పట్టించుకోకుండా తీసిన పాఠాలు. కట్టిన ఇంటికి గోడ పగలగొట్టి ద్వారం పెట్టడం ఎప్పుడూ ఖరీదే. అందుకే షరతు కొత్త కొనుగోళ్లకు వెంటనే వర్తించాలి, పాతవాటికి గడువివ్వాలి. ఇక ఏఐ వచ్చింది, సబ్‌టైటిళ్లు అదే రాసేస్తుందంటారా? సాయం చేస్తుంది, నిజమే. సిక్కోలు యాసలో పాఠం చెప్పే మాస్టారి మాటను, అందులో దొర్లే సూత్రాలను తప్పులేకుండా పట్టిందో లేదో చూసే మనిషి మాత్రం ఉండాలి. సంజ్ఞాభాషలో పెరిగిన పిల్లకు తెలుగు చదవడమే రెండో భాష. ఆమెకు సబ్‌టైటిల్ ఉన్నా సగం పాఠమే అందుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ తన పాఠ్యపుస్తకాలను భారతీయ సంజ్ఞాభాషలోకి తేవడానికి 2020లో ఒప్పందం చేసుకుంది. రాష్ట్ర పాఠాలకూ ఆ దారి ఉంది.

ప్రభుత్వం తరవాత చేసుకోబోయే ఒప్పందంలో రెండు షరతులు చేరిస్తే చాలా పని అవుతుంది: తెలుగు పాఠమంతా యూనికోడ్‌లోనే ఇవ్వాలి, చూపులేని, వినపడని విద్యార్థులు ఎవరి సాయమూ లేకుండా పాఠం తెరిచి క్విజ్ పూర్తిచేశాకే చివరి విడత బిల్లు కదలాలి. డబ్బు చేతులు మారని ఒప్పందమైతే ఆ పరీక్ష సంతకానికి ముందే జరగాలి. అందుకు అమరావతిలో ప్రయోగశాల కట్టనక్కర్లేదు. పాలకొండలోనో బొబ్బిలిలోనో ఒక భవిత కేంద్రంలో, అక్కడి పిల్లల చేతికే ట్యాబ్ ఇచ్చి, ఐఈఆర్‌టీ పక్కన కూర్చుని చూస్తే సరిపోతుంది.