గోడ వెనుక నీరు

ప్రత్తిని, మిరపను పండించు మా గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి రోడ్లకు మాత్రము అచ్చిరాదు. వానకు ఉబ్బును, వేసవిలో చేయి దూరునంత నెఱ్ఱెలు వాఱును. ఆ మన్నునే రోడ్డుకట్టకు పోసి, ప్రక్కన గోడ కట్టి, అది కూలినపుడు వానను నిందించుట మనకు పరిపాటి యైనది.

గోడను పడద్రోయునది దాని వెనుక నిలిచిన నీరు. 3 మీటర్ల ఎత్తున నీరు నిలిచెనా, గోడ పొడవున మీటరు మీటరునకు 4.5 టన్నుల త్రోపు పడును. ఈ లెక్క మన బడిపిల్లలు వేయగలరు. మన్ను త్రోపు దీనికి అదనము. 2025 ఏప్రిల్ 30న సింహాచలములో చందనోత్సవమునాడు వానకు గోడ కూలి ఏడుగురు భక్తులు మరణించిరి. అది పాతగోడ కాదు, క్రొత్తగా కట్టినది!

కూలినచోట ఆ రాళ్లనే మరల పేర్చి సిమెంటు పూయుట మరమ్మతు కాదు, ముసుగు. వెనుకనున్న రేగడిని తీసివేసి గ్రావెలు నింపవలెను. పునాదిని గట్టినేల వఱకు దింపవలెను. గోడలో నీరు కారుటకు రంధ్రములు విడిచి, వాని వెనుక కంకర పోయవలెను. లేనిచో ఒక్క వర్షాకాలములో బురదతో పూడిపోవును. రోడ్డు మీది నీటికి వేఱుగా కాలువ ఉండవలెను.

ఇవన్నియు మన్ను కప్పిన పిదప కానరావు. మిర్చి టిక్కీల బండ్లు ఆ కట్ట మీదనే యార్డునకు పోవలెను గదా! కప్పక మునుపే ఊరివారికి చూపవలెనని టెండరులో ఒక షరతు వ్రాసిన నేమి?